నాలుగో వంతు గీతలతో మెదడు ఎమ్మారై: నా ప్రాజెక్టు డైరీ

మా నాన్నగారికి చేతులతో పాటు తల కూడా కొంచెం వణుకుతుంది. మెదడు ఎమ్మారై తీసేటప్పుడు కదిలారని రెండుసార్లు మొదటినుంచి మళ్లీ తీయాల్సి వచ్చింది. ఈ పని మొదలుపెట్టింది అందుకే. స్కానర్ సేకరించే డేటాలో నాలుగో వంతుతోనో ఎనిమిదో వంతుతోనో మెదడు చిత్రం కడితే ఎంత నమ్మొచ్చో నా కంప్యూటర్‌లో నేనే కొలిచి చూడాలనుకున్నాను. ఎవరైనా ఇదే దారిలో వస్తే నేను పడ్డ గోతుల్లో పడకూడదని ఇది రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను, ఈ చిత్రాలతో ఎవరి జబ్బూ తేల్చకండి.

తెలియనివాళ్ళకోసం క్లుప్తంగా: ఎమ్మారై యంత్రం నేరుగా ఫొటో తీయదు. కె-స్పేస్ అనే పట్టికను గీత తర్వాత గీతగా నింపుతుంది, ఆ పట్టికకు ఫూరియర్ మార్పిడి (తరంగాల రూపంలో ఉన్న సమాచారాన్ని బొమ్మగా మార్చే గణితం) చేస్తే బొమ్మ వస్తుంది. సమయమంతా గీతలు నింపడానికే పోతుంది కాబట్టి గీతలు తగ్గితే స్కాన్ తగ్గుతుంది, కాని లేని గీతల్ని ఎక్కడినుంచి తేవాలి? తల చుట్టూ ఉండే చాలా కాయిల్స్ (సిగ్నల్‌ను అందుకునే తీగచుట్టలు) ఒకేసారి వినడం వల్ల దొరికే అదనపు సమాచారాన్ని వాడడం 1999లో సెన్స్ పద్ధతితో, 2002లో గ్రాపా పద్ధతితో గట్టిపడింది. 2007లో ఎమ్మారైకి కంప్రెస్డ్ సెన్సింగ్ వచ్చింది, అసలు బొమ్మను తక్కువ సంఖ్యలతోనే రాయొచ్చన్న నమ్మకంతో లేని గీతల్ని పూరించే పద్ధతి. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులు. ఈ మూడు మెట్లూ నేనే ఎక్కి చూశాను.

దశ 0: పారేసిన తొమ్మిది రోజులు

ఇంటర్నెట్‌లో దొరికిన మామూలు మెదడు ఎమ్మారై బొమ్మలు తీసుకుని, వాటికి తిరుగు మార్పిడి చేసి కె-స్పేస్ తయారు చేసుకున్నాను. అందులో మూడొంతులు చెరిపేసి, కంప్రెస్డ్ సెన్సింగ్‌తో మళ్లీ కట్టాను. పోలిక స్కోరు (ఎస్‌ఎస్‌ఐఎమ్, 1 అంటే అచ్చంగా అదే బొమ్మ) 0.96 వచ్చింది. మొదటి ప్రయత్నానికే అంత రావడం నాకే నమ్మబుద్ధి కాలేదు.

తొమ్మిదో రోజు ఆ కె-స్పేస్‌ని లాగరిథమ్ తీసి తెరమీద పెట్టి చూశాను. మధ్యలో ప్రకాశమైన చుక్క, చుట్టూ పొగమంచులాంటి నాయిస్ ఉండాలి. అంచుల వెంబడి మాత్రం నాలుగు వైపులా దాదాపు నల్లటి పట్టీ, ఫొటోకు ఫ్రేమ్ కట్టినట్టు! పైగా పై సగాన్ని తలకిందులుగా తిప్పితే కింది సగం మీద అచ్చంగా అతుక్కుంటోంది.

కారణాలు రెండు. ఆ బొమ్మల్ని యంత్రం ముందే సున్నాలు చేర్చి పెద్దవి చేసింది, కాబట్టి అంచుల్లో అసలు సమాచారమే లేదు, నేను చెరిపిన గీతల్లో సగం ముందే ఖాళీవి. రెండోది, బొమ్మలో ఫేజ్ (ప్రతి పిక్సెల్ సంఖ్యకు ప్రకాశంతోపాటు ఉండే కోణం) ఎప్పుడో పోయింది, ప్రకాశం మాత్రమే మిగిలింది, అందువల్ల కె-స్పేస్‌లో ఒక సగం ఇంకో సగానికి అద్దమే అయింది. అసలు స్కానర్ ఇలాంటి సులువైన డేటా ఇవ్వదు. ఇదే తప్పు పరిశోధనా పత్రాల్లో కూడా జరుగుతోందని, ఫలితాలు ఉన్నదానికన్నా బాగా కనిపిస్తాయని 2022లో పీఎన్ఏఎస్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది, ఇలాంటివాటిని అందులో 'డేటా క్రైమ్స్' అన్నారు. అది ముందే చదివి ఉంటే బాగుండేది.

మీరు చేయాల్సింది:
1. ముడి కె-స్పేస్ ఉన్న డేటా మాత్రమే తీసుకోండి.
2. ఏ లెక్కా మొదలుపెట్టకముందే దాని లాగరిథమ్ బొమ్మ ఒకసారి చూడండి.
3. అంచుల్లో నల్లపట్టీ ఉంటే ఆ డేటా పక్కన పెట్టేయండి.

*ఇప్పటిదాకా: 27 గంటలు. పనికొచ్చిన ఫలితం: ఏమీ లేదు.*

దశ 1: ముడి డేటానుంచి బొమ్మ

ఫాస్ట్ఎమ్మారై డేటాకు మారాను. న్యూయార్క్ యూనివర్సిటీ వైద్య విభాగం, ఫేస్‌బుక్ పరిశోధన విభాగం కలిసి విడుదల చేసినది, మెదడు స్కాన్లు దాదాపు 7000 ఉన్నాయి, గీతలన్నీ పూర్తిగా తీసినవి. ఫారమ్ నింపి షరతులకు ఒప్పుకోవాలి, ఆ డేటాను ఇంకొకరికి పంచకూడదు, అందులోని మనుషులెవరో కనిపెట్టే ప్రయత్నం చేయకూడదు. ఫైళ్ళు పెద్ద పెద్ద కట్టలుగా వస్తాయి, డిస్క్ ఖాళీ చేసుకుని కూర్చోండి.

నేను పరీక్షకు 40 ఫైళ్ళు ఏరుకున్నాను. అన్నీ 3 టెస్లా (అయస్కాంతం బలం) యంత్రాలవి, అన్నీ టీ2 రకం (ద్రవం తెల్లగా కనిపించేది) అడ్డకోతలు, ఒక్కో ఫైల్లో 16 స్లైసులు (ఒక్కో కోత ఒక స్లైసు), 20 కాయిల్స్, 640 × 320 పట్టిక. లెక్క వేస్తే 16 × 20 × 640 × 320 సంకీర్ణ సంఖ్యలు, ఒక్కోటి 8 బైట్లు, అంటే ఫైలుకు 524 ఎంబీ. 40 ఫైళ్ళకు 21 జీబీ. 1.5 టెస్లావి, వేరే కొలతలవి కావాలనే వదిలేశాను, మొదటే అన్నీ కలిపితే ఏ తేడా దేనివల్లో తేలదు.

ఇక్కడ తగిలిన మొదటి దెబ్బ: 640 వరుసలెందుకు, 320 చాలని కె-స్పేస్‌నే మధ్యలోంచి కత్తిరించాను. తల నిలువునా నొక్కేసినట్టు, పక్కకు పడుకోబెట్టిన కోడిగుడ్డులా వచ్చింది. ఆ దిశలో స్కానర్ రెట్టింపు వెడల్పు చూస్తుంది, అందుకే 640. కె-స్పేస్‌ని కత్తిరిస్తే వెడల్పు తగ్గదు, స్పష్టత తగ్గుతుంది. ముందు బొమ్మ కట్టాలి, తర్వాత బొమ్మలోంచి మధ్య 320 × 320 తీసుకోవాలి.

వరుస ఇది:
1. ఇన్వర్స్ షిఫ్ట్ (పట్టిక మధ్యను మూలకు జరపడం), ఇన్వర్స్ ఎఫ్‌ఎఫ్‌టీ (ఫూరియర్ మార్పిడిని వేగంగా చేసే లెక్క), మళ్లీ షిఫ్ట్ (మూలను మధ్యకు తేవడం). మూడూ ఇదే క్రమంలో. మొదటిది వదిలేయకండి, ఎందుకో దశ 3లో వస్తుంది.
2. ప్రతి కాయిల్ బొమ్మనూ మధ్య 320 × 320కి కత్తిరించడం.
3. 20 బొమ్మల ప్రకాశాల వర్గాలు కూడి, వర్గమూలం తీయడం.
4. ఫైల్లోనే ఇచ్చిన పూర్తి బొమ్మతో తీసివేసి చూడడం.

నాలుగోది మానకండి. తేడా దశాంశాల చివర్లో తప్ప కనిపించకూడదు. కంటికి 'బాగానే ఉంది' అనిపిస్తే చాలదు.

*ఇప్పటిదాకా: 33 గంటలు, 21 జీబీ.*

దశ 2: ఏ గీతలు ఉంచాలి

320 నిలువు గీతల్లో నాలుగో వంతు 80. మధ్యలో 8 శాతం, అంటే 26 గీతలు తప్పక ఉంచాలి, బొమ్మలోని మొత్తం వెలుగు, పెద్ద ఆకారాలు అక్కడే ఉంటాయి. మిగతా 54 బయటినుంచి. ఎనిమిదో వంతుకైతే మొత్తం 40, మధ్యలో 13, బయట 27.

బయటివాటిని మొదట సమాన దూరంలో తీసుకున్నాను. వచ్చిన బొమ్మలో తల మీద తల పడింది. టీ2లో తల చర్మం కింది కొవ్వు బాగా తెల్లగా వెలుగుతుంది, ఆ తెల్లటి వంపు వచ్చి సరిగ్గా వెంట్రికల్ (మెదడు లోపల ద్రవం ఉండే గది) మీద పడింది, మెదడు నడిబొడ్డున ఎవరో సుద్దముక్కతో గీసినట్టు. చూసేవాడికి తెలియకపోతే అదేదో జబ్బు అనుకుంటాడు.

యాదృచ్ఛికంగా తీసుకున్నప్పుడు అంత స్పష్టమైన నకలు రాలేదు, పక్కలకు చెదిరి నాయిస్‌లా పరుచుకుంది. కంప్రెస్డ్ సెన్సింగ్‌కు కావాల్సింది ఇదే. నకలు నిజం బొమ్మలా కనిపిస్తే దాన్ని తీసేయడానికి గణితం దగ్గర ఆధారం ఉండదు, నాయిస్‌లా కనిపిస్తే తీసేయగలదు.

ఇంకో చిన్న తప్పు, కాని రెండు రోజులు తినేసింది. ప్రతిసారీ కొత్త యాదృచ్ఛిక గీతలు వచ్చేలా కోడ్ రాశాను. ఏ మార్పు చేసినా స్కోరు 0.01 అటూ ఇటూ ఆడుతుంటే, నా మార్పు వల్లా, గీతల వల్లా అని తేల్చుకోలేకపోయాను. ఫైలు పేరునుంచి సీడ్ (యాదృచ్ఛిక ఎంపికను నిర్ణయించే మొదటి సంఖ్య, అదే ఇస్తే అవే గీతలు వస్తాయి) వచ్చేలా మార్చాక నిలకడ వచ్చింది.

*ఇప్పటిదాకా: 38 గంటలు. ఏమీ చేయకుండా ఖాళీలను సున్నాలుగా వదిలేస్తే స్కోరు: నాలుగో వంతుకు 0.79, ఎనిమిదో వంతుకు 0.70.*

దశ 3: కంప్రెస్డ్ సెన్సింగ్, మూడు దెబ్బలు

ప్రతి కాయిల్‌కూ మెదడులో ఏ భాగం ఎంత బాగా వినిపిస్తుందో చెప్పే పటం ముందు కావాలి, దాన్ని ఎస్పిరిట్ పద్ధతితో మధ్య గీతలనుంచి లెక్కించాను. తర్వాత కొలిచిన గీతలకు సరిపోతూ, వేవ్‌లెట్లలో (బొమ్మను చిన్నా పెద్దా అలల ముక్కలుగా విడదీసి రాసే పద్ధతి) వీలైనన్ని తక్కువ సంఖ్యలతో రాయగలిగే బొమ్మను వెతకాలి. బార్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇదంతా రెండు ఆదేశాల్లో చేస్తుంది. నేను మాత్రం లోపల ఏం జరుగుతుందో తెలియాలని పైథాన్‌లో రాసుకున్నాను. అందువల్లే ఈ దెబ్బలన్నీ తగిలాయి, అయినా అలా రాసినందుకే సంతోషంగా ఉంది.

ఒకటి, నల్ల బొమ్మ. ఎంతసేపు నడిపినా తెర మొత్తం నలుపే. ఈ డేటాలో సంఖ్యలు చాలా చిన్నవి, దశాంశం తర్వాత నాలుగైదు సున్నాలు. నేను పెట్టిన కోత విలువ (ఇంతకన్నా చిన్న సంఖ్యల్ని నాయిస్‌గా తీసేసే హద్దు) 0.01, అంటే మెదడంతటినీ నాయిస్ అని కొట్టేస్తోంది. సున్నాలతో కట్టిన బొమ్మలో అతి పెద్ద విలువతో ముందే భాగించి, తర్వాత కోత 0.002 పెట్టాను.

రెండు, అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించినది. బొమ్మ వస్తోంది, కాని ఎంత సర్దినా మసకగానే ఉంది, కోత తగ్గిస్తే నాయిస్, పెంచితే మసక. నాలుగు రోజులు కోత విలువలే మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి ప్రకాశం వదిలేసి ఫేజ్ బొమ్మ గీసి చూస్తే తెరంతా చదరంగం బల్ల! పక్కపక్క పిక్సెల్స్ ప్లస్, మైనస్, ప్లస్, మైనస్. ఎఫ్‌ఎఫ్‌టీకి ముందు చేయాల్సిన షిఫ్ట్‌ను ఈ కొత్త ఫంక్షన్లో మర్చిపోయాను. ప్రకాశం బొమ్మలో అది అస్సలు కనిపించదు, దశ 1లోని తనిఖీ కూడా దాన్ని పట్టుకోదు. వేవ్‌లెట్లకు మాత్రం నున్నటి మెదడు బదులు గరుకు చదరంగం కనబడుతోంది, దాన్ని తక్కువ సంఖ్యలతో ఎలా రాస్తాయి? ఒక్క పదం చేర్చగానే స్కోరు 0.84 నుంచి 0.91కి ఎగిరింది.

మూడు, ఎనిమిదో వంతులో మెదడు మీద నిలువు చారలు. కాయిల్ పటాలకు మధ్య 24 గీతలు వాడమని రాసిపెట్టాను. నాలుగో వంతులో మధ్యన 26 ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఎనిమిదో వంతులో ఉన్నవి 13, మిగిలిన చోట్ల ఎక్కువగా సున్నాలే, ఆ సున్నాలనే డేటా అనుకుని పటాలు కట్టింది. 12కి తగ్గించాను. పటాలు కాస్త గరుకుగా వచ్చాయి, చారలు పోయాయి.

వేగం సంగతి: స్లైసుకు 41 సెకన్లు, 640 స్లైసులకు ఏడు గంటల పైమాటే. 20 కాయిల్స్‌ను గణితంతో 8 కల్పిత కాయిల్స్‌గా కుదించాక స్లైసుకు 14 సెకన్లు, మొత్తం రెండున్నర గంటలు. స్కోరు మూడో దశాంశంలో తప్ప మారలేదు. ఇది మొదటి రోజే చేయండి.

*ఇప్పటిదాకా: 62 గంటలు. స్కోరు: నాలుగో వంతు 0.91, ఎనిమిదో వంతు 0.84.*

దశ 4: స్కోరు మీదే అనుమానం

0.84 స్కోరున్న బొమ్మను చూస్తే మెదడు మడతలు మైనంతో చేసినట్టున్నాయి. అంత స్కోరు ఎలా వచ్చింది? బొమ్మలో తల చుట్టూ ఉన్న గాలి! అక్కడ రెండు బొమ్మల్లోనూ నలుపే కాబట్టి పూర్తి మార్కులు పడుతున్నాయి. తల లోపలి పిక్సెల్స్‌లో మాత్రమే లెక్కించేలా మార్చాను:

- సున్నాలతో: నాలుగో వంతు 0.68, ఎనిమిదో వంతు 0.57
- కంప్రెస్డ్ సెన్సింగ్: నాలుగో వంతు 0.86, ఎనిమిదో వంతు 0.74

ఇకనుంచి నేను చెప్పేవన్నీ తల లోపలి స్కోర్లే. వేరేవాళ్ళ స్కోర్లతో పోల్చేటప్పుడు వాళ్ళు ఏది కొలిచారో చూసుకోండి.

*ఇప్పటిదాకా: 69 గంటలు.*

దశ 5: నెట్‌వర్కు, తొమ్మిదో స్లైసులో చుక్క

వర్‌నెట్ తరహా నెట్‌వర్కు ఎంచుకున్నాను. ఒక మెట్టులో బొమ్మను శుభ్రం చేస్తుంది, వెంటనే కొలిచిన గీతలవైపు లాక్కొస్తుంది, మళ్లీ శుభ్రం చేస్తుంది. అసలు పత్రంలో 12 మెట్లు, నా గ్రాఫిక్స్ కార్డు జ్ఞాపకశక్తికి 6 మాత్రమే పట్టాయి. నేర్పడానికి వేరే 160 ఫైళ్ళు దించాను, 84 జీబీ.

మొదటిసారి అన్ని స్లైసులనూ కలిపి, కలగాపులగం చేసి, నేర్పడానికి కొన్ని, పరీక్షకు కొన్ని అని పంచాను. స్కోరు 0.95. తర్వాత వెలిగింది, ఒకే మనిషి ఏడో స్లైసు నేర్పేవాటిలో, ఎనిమిదోది పరీక్షలో పడుతోంది. ఒకే తలలో పక్కపక్క స్లైసులు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, నెట్‌వర్కు జవాబు సగం ముందే చూసేసింది. మనుషులవారీగా విడదీసి మళ్లీ నేర్పాను, 62 గంటలు మెషీన్ ఆగకుండా నడిచింది. ఈసారి నాలుగో వంతు 0.92, ఎనిమిదో వంతు 0.87.

0.87 చూసి, ఎనిమిదో వంతు చాలేమో అనుకున్నాను. అప్పుడు ఫాస్ట్ఎమ్మారై ప్లస్ అనే అదనపు డేటా తెచ్చుకున్నాను, అదే స్కాన్ల మీద రేడియాలజీ డాక్టర్లు అనుమానమున్న చోట్ల పెట్టెలు గీసి ఇచ్చినది. నా 40 ఫైళ్ళలో తెల్ల పదార్థంలో చిన్న మచ్చలకు గీసిన పెట్టెలు 23 దొరికాయి. ఒక్కో మచ్చ చుట్టుపక్కలకన్నా ఎంత ప్రకాశంగా ఉందో పూర్తి బొమ్మలో కొలిచి, కట్టిన బొమ్మలో అందులో ఎన్నో వంతు మిగిలిందో చూశాను. మధ్యస్థ విలువలు:

- కంప్రెస్డ్ సెన్సింగ్: నాలుగో వంతు 81 శాతం, ఎనిమిదో వంతు 48 శాతం
- నెట్‌వర్కు: నాలుగో వంతు 93 శాతం, ఎనిమిదో వంతు 74 శాతం

ఎనిమిదో వంతు నెట్‌వర్కులో 23లో 4 మచ్చలు సగంకన్నా తక్కువ మిగిలాయి. అందులో ఒకటి ఒక ఫైల్లో తొమ్మిదో స్లైసులో, వెంట్రికల్ అంచుకు కొంచెం దూరంలో, అడ్డంగా నాలుగు పిక్సెల్స్, ఆవగింజంత. పూర్తి బొమ్మలో ఎవరికైనా కనిపిస్తుంది. నెట్‌వర్కు బొమ్మలో ఆ చోట నున్నటి, శుభ్రమైన, ఆరోగ్యంగా కనిపించే మెదడు! ఆ స్లైసు స్కోరు 0.89, సగటుకన్నా ఎక్కువే. నాలుగు పిక్సెల్స్ పోతే స్కోరుకు తెలియను కూడా తెలియదు.

సీడ్ మార్చి అదే స్లైసుకు అయిదు రకాల గీతలతో ప్రయత్నించాను. మూడింటిలో మచ్చ కనిపించింది, రెండింటిలో లేదు. అంటే అది ఉందా లేదా అన్నది ఏ 27 గీతలు ఎంచుకున్నామన్నదాని మీద ఆధారపడింది. నాలుగో వంతులో అయిదుకు అయిదుసార్లూ ఉంది.

లేనిది పుట్టడమూ ఉంది. 2020లో ఫాస్ట్ఎమ్మారై వాళ్ళు మెదడు డేటాతో పెట్టిన పోటీలో రేడియాలజీ డాక్టర్లు బొమ్మలు చూసి, కొన్ని నెట్‌వర్కులు అసలు లేని గీతను, మెదడు ద్రవం నిండిన చీలికలా కనిపించేదాన్ని సృష్టించాయని గుర్తించారు. నా 23 పెట్టెల్లో అలాంటిది వెతకలేను, పెట్టె బయట పుట్టేదాన్ని పెట్టెలతో పట్టుకోలేం కదా. అందుకని తేడా బొమ్మలు (పూర్తి బొమ్మలోంచి కట్టిన బొమ్మను తీసివేస్తే వచ్చేవి) 640 స్లైసులకూ గీసి ఒక్కొక్కటే చూశాను, ఆరు గంటలు పట్టింది.

మార్చినవి:
1. అన్ని ప్రయోగాలకూ నాలుగో వంతే ప్రమాణం. ఎనిమిదో వంతు పోలికకు మాత్రమే.
2. ప్రతి ఫలితం పక్కన స్కోరుతోపాటు మచ్చ శాతం, అందులోనూ సగటు కాదు, అన్నిటికన్నా తక్కువ మిగిలినది.
3. ప్రతి స్లైసుకూ కనీసం అయిదు సీడ్‌లు.

*ఇప్పటిదాకా: నా సమయం 99 గంటలు, నేర్పడానికి మెషీన్ సమయం 62 గంటలు, డేటా 105 జీబీ.*

దశ 6: కదిలే తల

నేను మొదలుపెట్టింది దీనికోసం. కదలికను కంప్యూటర్లో అనుకరించడానికి, గీతలు ఎడమనుంచి కుడికి వరుసగా వచ్చాయనుకుని, చివరి 40 శాతం గీతల్లో తల మూడు పిక్సెల్స్ జరిగినట్టు ఫేజ్ మార్చాను. ఫలితం అనుమానం వచ్చేంత బాగుంది. తప్పు, గీతలు వరుసగా వస్తాయని నేను అనుకోవడంలోనే ఉంది. టీ2 స్కాన్లలో వాడే టర్బో స్పిన్ ఎకో పద్ధతి గీతల్ని వరుసగా తీయదు, ఒక్కో విడతకు కొన్ని చొప్పున, పట్టికంతా పరుచుకునేలా తీస్తుంది. విడతకు 16 గీతలు, విడత విడతకూ 5 సెకన్లు అనుకుంటే 320 గీతలకు 20 విడతలు, 100 సెకన్లు. నాలుగో వంతుకు 5 విడతలు, 25 సెకన్లు.

అలా మార్చి మళ్లీ చేశాను. 60వ సెకనులో తల కదిలితే పూర్తి స్కాన్‌లో 20 విడతల్లో 8 చెడతాయి, బొమ్మ మీద అలలు అలలుగా నీడలు. 25 సెకన్ల స్కాన్ అప్పటికే అయిపోయింది. నాన్నగారిలాంటివాళ్ళకు అసలు లాభం ఇదే.

కాని 25 సెకన్ల లోపలే కదిలితే? 5 విడతల్లో 2 చెడినట్టు పెట్టి చూశాను. స్కోరు 0.92 నుంచి 0.71కి పడింది, పడుతుందని తెలుసు. టెన్షన్ పెట్టింది వేరే సంగతి: పూర్తి స్కాన్‌లో కదలిక ఉంటే అలలు కనిపిస్తాయి, టెక్నీషియన్ చూసి మళ్లీ తీస్తారు. నెట్‌వర్కు ఆ అలల్ని తుడిచేసింది. వెంట్రికల్ అంచు రెండు గీతలుగా ఉండాల్సింది ఒకే చక్కని గీతగా, తప్పు చోట. చూస్తే మంచి స్కాన్ అనిపిస్తుంది.

పట్టుకోవడానికి ఒక దారి దొరికింది. కట్టిన బొమ్మనుంచి తిరిగి గీతలు లెక్కించి, నిజంగా కొలిచిన గీతలతో తేడా విడతలవారీగా చూడాలి. కదలిక లేనప్పుడు అయిదు విడతల తేడా ఇంచుమించు సమానం. కదిలినప్పుడు ఆ రెండు విడతల్లో మిగతా మూడింటికన్నా రెండు, మూడు రెట్లు ఎక్కువ. 40 ఫైళ్ళలో కృత్రిమ కదలిక పెట్టినప్పుడు 37 పట్టుకుంది, కదలిక పెట్టనివాటిలో 2 చోట్ల పొరపాటున గంట మోగించింది. బొమ్మ మూలలో ఆ అయిదు సంఖ్యలూ అచ్చయ్యేలా చేశాను, ఇప్పుడు వాటిని చూడకుండా ఏ బొమ్మనూ తెరవడం లేదు.

మిగిలిపోయిన మూడు ఫైళ్ళలోనూ కదలిక మొదటి విడతలోనే జరిగింది, అప్పుడు చెడిన విడత ఏదో, మంచివి ఏవో లెక్కకే అర్థం కావడం లేదు. ఇప్పుడు తల జరగడం బదులు కొద్దిగా తిరగడం, అది కూడా ఒక్కసారి కాకుండా ప్రతి విడతలో వణుకులా ఉండడం పెట్టి చూస్తున్నాను. రెండు డిగ్రీల వణుకుకు మొదటి అంకెలు నిన్న రాత్రి వచ్చాయి, అయిదు విడతల్లోనూ తేడా సమానంగా పెరిగింది కాబట్టి విడతల మధ్య పోలిక దాన్ని పట్టుకోలేదు. కదలని స్కాన్ల సగటు తేడాతో పోల్చాలేమో, ఈ వారం అది రాస్తాను.

*ఇప్పటిదాకా: 115 గంటలు, మెషీన్ సమయం 62 గంటలు, 105 జీబీ.*